గంజాయి క్రీమ్‌కి పేటెంట్ వచ్చిందట.. షేర్ కొనేయొచ్చా? ఆగండి, ముందు ఈ లెక్క చూడండి

మొటిమలు తగ్గించే గంజాయి జెల్. సోరియాసిస్‌కి గంజాయి క్రీమ్. "మా ఫార్ములాకి అమెరికా పేటెంట్ వచ్చేసింది" అని ఓ కంపెనీ ప్రకటన. ఇంకేముంది.. ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతుంది. కింద ఓ లైన్ కూడా ఉంటుంది. 'ఇంకా ఎవరికీ తెలీదు, ఇప్పుడే కొనండి' అని.

పేటెంట్ అనే మాటలో ఓ బరువుంది. ప్రభుత్వమే ముద్ర వేసింది కాబట్టి మందు పనిచేస్తుందని, పనిచేస్తుంది కాబట్టి డబ్బులొస్తాయని చాలామంది అనుకుంటారు. ఈ రెండూ తప్పే. అసలు పేటెంట్ ఏం ఇస్తుంది? ఏం ఇవ్వదు? గంజాయి నుంచి చర్మానికి మందు తయారుచేస్తామన్న కంపెనీల్లో డబ్బు పెట్టినవాళ్లకి ఏమైంది? వివరంగా చూద్దాం.

ఒకే మొక్క.. రెండు కథలు

2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఏపీ పోలీసులు ఏకంగా 2 లక్షల కిలోల గంజాయిని కుప్పలుగా పోసి తగలబెట్టారు. ఆ వీడియోలు చాలామంది చూసే ఉంటారు. సరిగ్గా అంతకు ఏడాది ముందు, 2021 ఫిబ్రవరిలో, జాజ్ ఫార్మాస్యూటికల్స్ అనే కంపెనీ బ్రిటన్‌కి చెందిన జీడబ్ల్యూ ఫార్మాస్యూటికల్స్‌ని 720 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. అప్పటి మారకం రేటులో చూస్తే 52 వేల కోట్ల రూపాయల పైమాటే. జీడబ్ల్యూ దగ్గరున్న ప్రధాన ఆస్తి ఏంటో తెలుసా? అదే మొక్క నుంచి తీసిన ఓ మందు.

తేడా ఎక్కడుందంటే.. గంజాయి మొక్కలో కెన్నబినాయిడ్స్ అనే పదార్థాలు వందకు పైగా ఉంటాయి. వాటిలో టీహెచ్‌సీ మత్తు ఎక్కిస్తుంది. సీబీడీ, అంటే కెన్నబిడియోల్, మత్తు ఇవ్వదు. చర్మానికి రాసే ఉత్పత్తుల గురించి కంపెనీలు మాట్లాడేది ఎక్కువగా ఈ సీబీడీ గురించే. కొన్ని కంపెనీలైతే మొక్క జోలికే వెళ్లవు. సీబీడీని ఫ్యాక్టరీలోనే రసాయనికంగా తయారుచేస్తాయి. కాబట్టి 'గంజాయి క్రీమ్' అనే హెడ్డింగ్ చూసి అదేదో మత్తు పూత అనుకోనక్కర్లేదు.

సైన్స్ పూర్తిగా గాలి కబురేమీ కాదు. మన చర్మంలోని కణాలకి కెన్నబినాయిడ్స్‌కి స్పందించే రిసెప్టర్లున్నాయి. 2014లో హంగేరీలోని డెబ్రెసెన్ యూనివర్సిటీ పరిశోధకులు చర్మంలో నూనె తయారుచేసే గ్రంథుల కణాల మీద సీబీడీని పరీక్షించారు. నూనె ఉత్పత్తి తగ్గింది, వాపు లక్షణాలు కూడా తగ్గాయి. మొటిమలకి ముఖ్య కారణాల్లో ఆ రెండూ ఉన్నాయి కదా. దాంతో కంపెనీల కళ్లు మెరిశాయి. కానీ ఆ పరీక్ష జరిగింది ల్యాబ్‌లో పెంచిన కణాల మీద. మొహం మీద కాదు. ఈ ఒక్క తేడా దగ్గరే తర్వాత కోట్లు కరిగిపోయాయి.

పేటెంట్ అంటే అమ్ముకునే లైసెన్స్ కాదు

ముందు ఇది తెలుసుకోవాలి. పేటెంట్ ఇచ్చే హక్కు ఒక్కటే, 'నా అనుమతి లేకుండా ఇది నువ్వు చేయకూడదు' అని ఇంకొకరిని ఆపే హక్కు. దాన్ని మీరు అమ్ముకోవచ్చా అనేది వేరే విషయం. అది చెప్పాల్సింది మందుల నియంత్రణ సంస్థ. అమెరికాలో ఎఫ్‌డీఏ, మన దగ్గర డీసీజీఐ.

పేటెంట్ ఆఫీస్ అధికారి చూసేవి ప్రధానంగా మూడు. ఇది కొత్తదా? ఆ రంగంలో ఉన్నవాళ్లకి ఇట్టే తట్టే విషయమా? పరిశ్రమలో ఉపయోగపడుతుందా? అంతేగానీ, వెయ్యిమంది పేషెంట్లకి రాసి చూసి మొటిమలు తగ్గాయా లేదా అని ఆయన చూడడు. కాబట్టి పేటెంట్ వచ్చినంత మాత్రాన మందు పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. ఈ విషయం అర్థమైతే సగం మోసాల నుంచి బయటపడినట్టే.

ఇంకో మెలిక. మొక్కనిగానీ, ప్రకృతిలో ఉన్న పదార్థాన్నిగానీ ఉన్నదున్నట్టు పేటెంట్ చేయలేరు. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3 దీన్ని ఒప్పుకోదు. అమెరికా సుప్రీంకోర్టు కూడా 2013లో మిరియాడ్ అనే కంపెనీ జన్యువుల కేసులో ప్రకృతి తయారుచేసిన దాని మీద పేటెంట్ కుదరదని తేల్చింది. అందుకే ఏ కంపెనీ అయినా సీబీడీ నాదే అనలేదు. సీబీడీని చర్మంలోకి పంపే ఫలానా జెల్ ఫార్ములా నాది, ఫలానా జబ్బుకి ఫలానా మోతాదులో వాడే పద్ధతి నాది అని మాత్రమే అంటుంది. అంటే కంచె చిన్నది. పక్కవాడు జెల్‌లో ఓ పదార్థం మార్చి, వేరే ఫార్ములాతో వస్తే ఆ కంచె పక్కనుంచి దర్జాగా నడిచి వెళ్లిపోవచ్చు.

పైగా పాత జ్ఞానం సమస్య ఉండనే ఉంది. ఇది మనవాళ్లకి బాగా తెలిసిన కథే. 1995లో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కి అమెరికా ఓ పేటెంట్ ఇచ్చింది. దేనికి? పసుపుతో గాయాలు మాన్పడానికి! మన అమ్మమ్మలు వింటే నవ్వుతారు. మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాల ఆధారాలు పట్టుకెళ్లి సవాల్ చేసింది. 1997లో ఆ పేటెంట్ రద్దయింది. గంజాయి కూడా ఆయుర్వేదంలో 'విజయ' పేరుతో ఎప్పటినుంచో ఉంది. సంప్రదాయ వైద్య గ్రంథాల సమాచారంతో మన దేశం టీకేడీఎల్ అనే డిజిటల్ లైబ్రరీ తయారుచేసి విదేశీ పేటెంట్ ఆఫీసులకి కూడా అందుబాటులో పెట్టింది. 'గంజాయి ఆకు లేపనం, చర్మం మంటకి' లాంటి వెడల్పాటి క్లెయిమ్ రాసుకున్న కంపెనీకి అక్కడ చిక్కే.

మన్నికైన పేటెంట్ ఎలా ఉంటుందంటే.. ఇరుకుగా, స్పష్టంగా, అంకెలతో ఉంటుంది. అలాంటిది కోర్టులో నిలబడుతుంది. కానీ దాన్ని పక్కనుంచి దాటడం తేలిక. వెడల్పాటిది దాటడం కష్టం, కూల్చడం తేలిక. ఇన్వెస్టర్ చూడాల్సిన మొదటి విషయం ఇదే అయినా, క్లెయిమ్స్ పేజీ తెరిచి చదివేవాళ్లు చాలా తక్కువ.

ఆస్ట్రేలియా కంపెనీకి ఏమైంది?

ఇక అసలు కథ. బొటానిక్స్ ఫార్మాస్యూటికల్స్. ఆస్ట్రేలియా స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయిన కంపెనీ. సింథటిక్ సీబీడీని చర్మంలోకి బాగా పంపే 'పెర్మెట్రెక్స్' అనే టెక్నాలజీ తమ దగ్గరుందని చెప్పింది. మొటిమలకి ఓ జెల్ తయారుచేసింది. దాని కోడ్ పేరు బీటీఎక్స్ 1503. టెక్నాలజీ ఉంది, కథ బాగుంది, అప్పట్లో గంజాయి షేర్ల గాలి కూడా గట్టిగా వీస్తోంది.

మొదట చిన్న ట్రయల్ చేశారు. నాలుగు వారాలు. మొటిమలు బాగా తగ్గాయి. మార్కెట్‌కి ఉత్సాహం వచ్చింది. అయితే ఆ ట్రయల్‌లో ఓ లోటుంది. పోల్చి చూడటానికి, మందు లేని ఉత్త జెల్ రాసిన గ్రూపు లేదు.

తర్వాత పెద్ద ట్రయల్, ఫేజ్ 2. అమెరికా, ఆస్ట్రేలియాల్లో 368 మంది. 12 వారాలు. ఈసారి కొందరికి సీబీడీ ఉన్న జెల్, కొందరికి సీబీడీ లేని ఉత్త జెల్. ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా. 2019 అక్టోబర్‌లో ఫలితాలొచ్చాయి. సీబీడీ జెల్ రాసుకున్నవాళ్లకి మొటిమలు తగ్గాయి. ఉత్త జెల్ రాసుకున్నవాళ్లకి కూడా తగ్గాయి! రెండింటి మధ్య గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉత్త జెల్‌కి ఊహించినదానికంటే ఎక్కువ ఫలితం రావడమే కారణమని కంపెనీ చెప్పుకుంది. షేరు ఒక్కరోజులోనే సగానికి పైగా పడిపోయింది.

ఉత్త జెల్‌తో మొటిమలు తగ్గడమేంటి అని అనుమానం రావచ్చు. చర్మ మందుల్లో ఇది మామూలే. రోజూ మొహం కడుక్కుని, క్రమం తప్పకుండా ఏదో ఒకటి రాసుకుంటే చర్మం కాస్త కుదుటపడుతుంది. మొటిమలు వాటంతట అవే ఎక్కువవుతూ, తగ్గుతూ కూడా ఉంటాయి. ఎక్కువగా ఉన్నప్పుడే జనం ట్రయల్‌లో చేరతారు కాబట్టి, తర్వాత తగ్గినట్టే కనిపిస్తుంది. మాత్ర వేసుకునే మందుల కంటే క్రీముల ట్రయల్స్‌లో గెలవడం కష్టమయ్యేది ఇందుకే.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ రోజు పేటెంట్ ఆఫీసులో ఏమీ జరగలేదు. ఏ కోర్టూ తీర్పివ్వలేదు. కంపెనీ చేతిలో ముందు రోజు ఉన్న హక్కులే మర్నాడు కూడా ఉన్నాయి. విలువ మాత్రం పోయింది. పనిచేయని మందుని కాపీ కొట్టకుండా ఆపే హక్కుకి ఎవరు మాత్రం డబ్బులిస్తారు?

తామర లాంటి అటోపిక్ డెర్మటైటిస్‌కి తెచ్చిన ఇంకో సీబీడీ మందు కూడా ఆ కంపెనీకి కలిసిరాలేదు. చివరికి 2022లో వేరే కంపెనీ నుంచి సోఫ్‌పిరోనియం అనే మందు హక్కులు కొనుక్కుంది. చంకల్లో విపరీతంగా చెమట పట్టే సమస్యకి వాడే జెల్ అది. దానికి గంజాయితో ఏ సంబంధమూ లేదు. 2024 జూన్‌లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది దానికే. గంజాయి కథ విని షేర్లు కొన్నవాళ్లలో చివరిదాకా ఆగినవాళ్లు చెమట మందు కంపెనీలో వాటాదారులయ్యారు.

ఇజ్రాయెల్ క్రీమ్, కొలరాడో కేసు

ఇజ్రాయెల్‌కి చెందిన ఓడబ్ల్యూసీ ఫార్మాస్యూటికల్ రీసెర్చ్ కథ ఇంకా చేదుగా ఉంటుంది. సోరియాసిస్‌కి గంజాయి ఆధారిత క్రీమ్, దానికి పేటెంట్ దరఖాస్తు. గమనించండి, దరఖాస్తు. 2016లో సెంట్లలో ఉన్న ఆ షేరు 2017 మొదట్లో రెండు డాలర్లు దాటేసింది. అమెరికాలో పెద్ద ఎక్స్ఛేంజీల బయట, ఓటీసీ మార్కెట్లో ట్రేడయ్యే షేర్ అది. 2020 మొదట్లో కంపెనీ దివాలా రక్షణ కోసం అమెరికా కోర్టుకెళ్లింది. పైనుంచి పడ్డ దూరం ఎంతో లెక్కేసుకోవచ్చు.

'పేటెంట్ పెండింగ్' అనే మాటని చాలామంది పేటెంట్ వచ్చినట్టే చదువుతారు. నిజానికి ఫీజు కట్టి కాగితాలు సమర్పిస్తే ఎవరైనా ఆ మాట రాసుకోవచ్చు. 'అంతర్జాతీయ పేటెంట్' అని కూడా రాస్తుంటారు. అలాంటిది ప్రపంచంలోనే లేదు. పీసీటీ అనేది దరఖాస్తు పెట్టుకునే దారి మాత్రమే. ఆ తర్వాత ఒక్కో దేశంలో విడిగా పేటెంట్ తెచ్చుకోవాల్సిందే.

మరి పేటెంట్ నిజంగా చేతికొచ్చినవాళ్ల సంగతి? యునైటెడ్ కెన్నబిస్ కార్పొరేషన్ అనే అమెరికా కంపెనీకి 2017 ఆగస్టులో పేటెంట్ వచ్చింది. ఇది చర్మం మందు కాదుగానీ ఇక్కడ చెప్పుకోవాల్సిన కేసు. ద్రవరూపంలో ఉండి, అందులోని కెన్నబినాయిడ్స్‌లో 95 శాతానికి పైగా సీబీడీ ఉంటే అది మా కిందకే వస్తుందన్నట్టుగా ఉంది ఓ క్లెయిమ్. చాలా వెడల్పాటిది. 2018 జులైలో ప్యూర్ హెంప్ కలెక్టివ్ అనే కంపెనీ మీద కొలరాడోలో దావా వేసింది. గంజాయి పేటెంట్ల మీద అమెరికా కోర్టు ఏం చెబుతుందోనని పరిశ్రమ అంతా ఎదురుచూసింది. 2020 ఏప్రిల్‌లో దావా వేసిన కంపెనీయే దివాలా పిటిషన్ పెట్టింది! ఆ పేటెంట్ నిలబడుతుందా లేదా అన్నది తేలకుండానే కేసు ముగిసింది.

పేటెంట్‌ని కాపాడుకోవడానికి కూడా డబ్బు కావాలి మరి. అమెరికాలో పేటెంట్ వచ్చాక మూడున్నరేళ్లకి, ఏడున్నరేళ్లకి, పదకొండున్నరేళ్లకి ఫీజులు కట్టాలి. మన దగ్గర మూడో ఏడాది నుంచి ప్రతి ఏటా కట్టాలి. కట్టకపోతే పేటెంట్ పోతుంది. ఇక కోర్టు ఖర్చుల సంగతి చెప్పనక్కర్లేదు.

అన్నట్టు, గంజాయికి వైద్య ప్రయోజనమే లేదంటూ దాన్ని అత్యంత కఠినమైన జాబితాలో పెట్టిన అమెరికా ప్రభుత్వమే, కెన్నబినాయిడ్స్ యాంటీ ఆక్సిడెంట్లుగా పనిచేస్తాయంటూ 2003లో తన ఆరోగ్య శాఖ పేరు మీద పేటెంట్ తీసుకుంది. 2019లో దాని గడువు కూడా అయిపోయింది.

మరి 52 వేల కోట్లు ఎందుకు పెట్టారు?

జీడబ్ల్యూ దగ్గర ఏముంది? ఎపిడియోలెక్స్. సీబీడీతో చేసిన నోటి ద్రావణం, చిన్నపిల్లల్లో వచ్చే అరుదైన, తీవ్రమైన మూర్ఛలకి. ట్రయల్స్‌లో నెగ్గింది. 2018 జూన్‌లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. 2020 ఒక్క ఏడాదిలోనే 51 కోట్ల డాలర్ల దాకా అమ్మకాలు. జాజ్ డబ్బు పెట్టింది ఈ అమ్మకాల మీద, వాటిని కాపాడే పేటెంట్ల మీద. 2024లో ఆ మందు అమ్మకాలు 97 కోట్ల డాలర్లు దాటాయి. ముందు పనిచేసే మందు, దాని చుట్టూ పేటెంట్ల కంచె. ఈ వరుస తిరగబడితే లెక్క కుదరదు.

ఈ కథలో హైదరాబాద్ కూడా ఉంది. ఒక పేటెంట్‌కి నిజంగా విలువుందా లేదా అని తెలుసుకోవడానికి ఓ సులువైన గుర్తు.. దాన్ని కూలగొట్టడానికి ఎవరైనా డబ్బు ఖర్చుపెడుతున్నారా అని చూడటం. 2022 చివర్లో ఎపిడియోలెక్స్‌కి జనరిక్ తెస్తామంటూ, మీ పేటెంట్లు చెల్లవు లేదా మాకు వర్తించవు అంటూ జాజ్‌కి వరసగా నోటీసులు వెళ్లాయి. పంపినవాటిలో తెవా, లుపిన్ లాంటి పెద్ద పేర్లతో పాటు మన హైదరాబాద్ కంపెనీలు జెనారా ఫార్మా, ఎంఎస్ఎన్ ల్యాబొరేటరీస్ కూడా ఉన్నాయి. 2023 జనవరిలో వ్యవహారం న్యూజెర్సీ ఫెడరల్ కోర్టుకెళ్లింది. జెనారా 2022లోనే మన దేశంలో మూర్ఛకి సీబీడీ ద్రావణాన్ని విడుదల చేసింది కూడా. చర్మానికి రాసే సీబీడీ క్రీముల పేటెంట్ల మీద ఇలాంటి దండయాత్ర ఎక్కడైనా కనిపించిందా? గెలిచిన మందు లేనప్పుడు ఆ అవసరమే రాదు.

లెక్క ఇలా వేస్తారు

మందుల కంపెనీలని అంచనా వేసేవాళ్లు ఓ లెక్క వాడతారు. పేరు పెద్దదిగానీ, ఎనిమిదో తరగతి గుణకారం వస్తే చాలు. 2011 నుంచి 2020 దాకా జరిగిన ట్రయల్స్‌ని అమెరికా బయోటెక్ పరిశ్రమ సంఘం లెక్కతీసింది. ఫేజ్ 2 దాటి ముందుకెళ్లినవి 28.9 శాతం. ఫేజ్ 3 దాటినవి 57.8 శాతం. ఆ తర్వాత అనుమతి దక్కినవి 90.6 శాతం. అన్ని జబ్బులు కలిపి సగటు ఇది.

ఇప్పుడో ఊహాజనిత కంపెనీ తీసుకుందాం. చేతిలో గంజాయి ఆధారిత చర్మ మందు పేటెంట్ ఒక్కటే ఉంది. ఫేజ్ 2 మొదలుపెట్టబోతోంది. అన్నీ కలిసొస్తే పేటెంట్ గడువులోగా వచ్చే లాభం ఇవాళ్టి విలువలో వెయ్యి కోట్లు అనుకుందాం. ఫేజ్ 2 ఖర్చు 40 కోట్లు, ఫేజ్ 3 ఖర్చు 200 కోట్లు అనుకుందాం.

మూడు మెట్లూ దాటే అవకాశం 28.9 ఇంటూ 57.8 ఇంటూ 90.6 శాతం. సుమారు 15 శాతం. అంటే వెయ్యి కోట్ల కల ఇవాళ 151 కోట్లు. అందులోంచి ఫేజ్ 2 ఖర్చు 40 కోట్లు తీసేయాలి. ఫేజ్ 3 దాకా వెళ్తేనే ఆ 200 కోట్లు ఖర్చవుతాయి కాబట్టి దానిలో 28.9 శాతం, అంటే 58 కోట్లు తీసేయాలి. మిగిలింది 53 కోట్లు. వెయ్యి కోట్ల పేటెంట్ అని ప్రచారమయ్యేదాని అసలు విలువ ఇది!

ఇదే లెక్కని ఇంకాస్త ముందుకి తీసుకెళ్దాం. ఫేజ్ 2 నెగ్గితే? మిగిలిన రెండు మెట్లు దాటే అవకాశం 52 శాతం. విలువ 524 కోట్లు, అందులోంచి 200 పోతే 324 కోట్లు. ఓడిపోతే దాదాపు సున్నా. 53 కోట్లది ఒక్క ఉదయాన 324 అవుతుంది, లేదా సున్నా అవుతుంది. సున్నా అయ్యే అవకాశం పదింట ఏడు. బొటానిక్స్ షేరు ఒక్కరోజులో అలా ఎందుకు పడిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పైగా అలాంటి కంపెనీ మార్కెట్ విలువ ఇప్పటికే 400 కోట్లుంటే, కొనేవాళ్లు ఇంకా జరగని విజయానికి ముందే డబ్బు కట్టేస్తున్నట్టు.

గడియారం సంగతి కూడా చూడాలి. పేటెంట్ గడువు 20 ఏళ్లు. అది మొదలయ్యేది మందు అమ్మకాలు మొదలైన రోజు నుంచి కాదు, దరఖాస్తు పెట్టిన రోజు నుంచి. ట్రయల్స్‌కి, అనుమతులకి పదకొండేళ్లు పోతే చేతిలో మిగిలేది తొమ్మిదేళ్లే. అమెరికాలో గరిష్ఠంగా ఐదేళ్ల దాకా పొడిగింపు దొరకొచ్చు, అదీ షరతులతో. మన దేశంలో ఆ వెసులుబాటు లేదు.

ఇంకో పోలిక మన సన్ ఫార్మా నుంచే తీసుకోవచ్చు. 2020 ఆగస్టులో ఎఫ్‌డీఏ మొటిమలకి క్లాస్కోటెరోన్ అనే కొత్తరకం క్రీమ్‌ని ఆమోదించింది. బ్రాండ్ పేరు విన్‌లెవి. గంజాయి మందు కాదు. ట్రయల్స్ అన్నీ గెలిచి, అనుమతి కూడా చేతిలో ఉన్న ఆ క్రీమ్‌ని అమెరికా, కెనడాల్లో అమ్ముకునే హక్కుల కోసం 2021లో సన్ ఫార్మా ముందస్తుగా కట్టింది నాలుగున్నర కోట్ల డాలర్లు. సుమారు 330 కోట్ల రూపాయలు. మిగతాదంతా అమ్మకాలు పెరిగేకొద్దీ ఇచ్చే లెక్క. గెలిచిన మొటిమల మందుకే మొదటి చెక్కు ఇంత అయితే, ఇంకా పరీక్షే రాయని పేటెంట్‌కి ఎంతివ్వాలో ఊహించుకోవచ్చు. పైగా మొటిమల మార్కెట్లో పోటీ తక్కువేం కాదు. బెంజోయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటి పాత మందులు చవగ్గా దొరుకుతున్నాయి. అడాపలీన్ జెల్‌ని అమెరికాలో 2016 నుంచి చీటీ లేకుండానే అమ్ముతున్నారు.

పెద్ద కంపెనీలు రిస్క్‌ని ఎలా దాటేస్తాయి?

జైనర్బా అనే అమెరికా కంపెనీ సీబీడీ జెల్ తయారుచేసింది. చర్మానికే రాస్తారుగానీ చర్మ వ్యాధికి కాదు, ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు సమస్య ఉన్న పిల్లలకి. 2023లో హార్మనీ బయోసైన్సెస్ ఆ కంపెనీని కొంది. ఎలా కొందో చూడండి. వెంటనే ఇచ్చింది సుమారు 6 కోట్ల డాలర్లు. మరో 14 కోట్ల డాలర్ల దాకా ఇస్తామంది, కానీ ట్రయల్ నెగ్గితే, అనుమతి వస్తే, అమ్మకాలు ఫలానా స్థాయి దాటితే.. ఇలా ఒక్కో మెట్టుకీ ఇంత అని. తర్వాత 2025లో ఆ జెల్ ఫేజ్ 3 ట్రయల్ ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేకపోయింది.

నిపుణుల సైన్యం ఉన్న కంపెనీయే 'ముందు నెగ్గు, తర్వాత మిగతా డబ్బిస్తా' అన్నప్పుడు, మొబైల్ యాప్‌లో షేర్ కొనే మామూలు ఇన్వెస్టర్ మాత్రం మొత్తం ధర మొదటి రోజే కట్టేస్తున్నాడు. తేడా అక్కడే ఉంది.

మన దగ్గర పరిస్థితేంటి?

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ భాగాలు. వాటితో కలవని ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. అందుకే కొన్ని రాష్ట్రాల్లో భంగు అమ్ముతారు, ఆకు సారంతో చేసిన 'విజయ' ఉత్పత్తులకి ఆయుర్వేద లైసెన్సులు ఇస్తారు. మత్తు తక్కువుండే పారిశ్రామిక హెంప్ సాగుకి 2018లో మొదట ఉత్తరాఖండ్ లైసెన్స్ ఇచ్చింది. ఏపీ, తెలంగాణల్లో గంజాయి సాగు నేరమే. ఏజెన్సీలో మొక్క పెంచి 'మందుల కంపెనీకి అమ్ముతాం' అంటే కుదరదు. భూమి మీద పెట్టుబడి పెట్టండి, గంజాయి సాగులో వాటా ఇస్తాం అని ఎవరైనా అంటే అది షేర్ మార్కెట్ రిస్క్ కాదు, జైలు రిస్క్.

ఆయుర్వేద లైసెన్స్‌తో అమ్మే విజయ క్రీమ్‌కీ, ట్రయల్స్ నెగ్గి డాక్టర్ చీటీ మీద అమ్మే మందుకీ కూడా చాలా తేడా ఉంది. మొదటిది మార్కెట్లోకి త్వరగా వస్తుంది. కానీ పేటెంట్ బలం తక్కువ. సంప్రదాయ జ్ఞానాన్ని పేటెంట్ చేయకూడదని మన చట్టంలోనే సెక్షన్ 3(పి) చెబుతోంది. అలాంటి కంపెనీ విలువ దాని బ్రాండ్‌లో, అమ్మకాల్లో ఉంటుంది. 'మా పేటెంట్ విలువ ఇన్ని వందల కోట్లు' అని చెబితే, ఏ దేశం పేటెంట్, నంబర్ ఎంత అని ముందు అడగాలి.

నంబర్ ఉంటే మిగతాది చేతిలో పని. గూగుల్ పేటెంట్స్‌లో ఆ నంబర్ కొడితే మంజూరైందా, పెండింగా, గడువు ఎప్పటిదాకా, ఫీజు కట్టక ఆగిపోయిందా అన్నది కనిపిస్తుంది. మన దేశం పేటెంట్లయితే భారత పేటెంట్ ఆఫీస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. పేటెంట్ కంపెనీ పేరు మీదుందా, లేక ప్రమోటర్ సొంత పేరు మీదుందా అన్నది తప్పకుండా చూడాలి. రెండోదైతే రేపు కంపెనీ మునిగినా పేటెంట్ ఆయన జేబులోనే ఉంటుంది. తర్వాత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో కంపెనీ పేరు వెతకండి. ట్రయల్ ఏ దశలో ఉంది, ఎంతమంది మీద, ఉత్త జెల్‌తో పోలుస్తున్నారా లేదా.. అన్నీ అందులో రాసి ఉంటాయి. మన దేశంలో జరిగే ట్రయల్స్‌కి సీటీఆర్ఐ రిజిస్ట్రీ ఉంది. అందులో పేరే లేకుండా 'అద్భుత ఫలితాలు' అని ప్రకటిస్తే ఏమనుకోవాలో వేరే చెప్పనక్కర్లేదు.

అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2014 మేలోనే గంజాయి షేర్ల మోసాల మీద ఇన్వెస్టర్లకి ప్రత్యేక హెచ్చరిక ఇచ్చింది. పైన చెప్పుకున్న ఇజ్రాయెల్ కంపెనీ షేరు రెండు డాలర్లు దాటింది ఆ హెచ్చరిక వచ్చిన మూడేళ్లలోపే.